పోతరాజు కాళ్ల మీది నీళ్లు

కామాటిపురాలో ఉత్త సాయిలంటే ఎవరికీ తెలియకపోవచ్చు. పోతరాజు సాయిలంటే మాత్రం గ్రాంట్ రోడ్ స్టేషన్ దాకా తెలుసు. ఏడాది పొడుగునా పొద్దున్నే కూలీలు గుమిగూడే నాకా మీద నిలబడి, ఎవరు పిలిస్తే వాళ్ల వెంట ఇసుకా సిమెంటూ మోయడానికి పోయే బక్క మనిషి. ఆషాఢంలో ఒక్క ఆదివారం మాత్రం దేవుడు. గల్లీ ఆడవాళ్లు పోచమ్మకు బోనాలెత్తే ఆ రోజున ఒళ్లంతా పసుపు, నడుముకు వేపమండలు, కాళ్లకు గజ్జెలు, చేతిలో తండ్రి ఇచ్చిపోయిన కొరడా. పోతరాజంటే అమ్మవారి తమ్ముడు మరి. బోనాల ముందు ఆడుతూ పోవాలి, కొరడాతో తన ఒళ్లు తానే వాయించుకోవాలి, చివర్లో మేకపిల్ల గొంతు పళ్లతో కొరికి గావు పట్టాలి. పాలమూరు నుంచి రాళ్లు మోయడానికొచ్చిన తాత పట్టాడు, తండ్రి పట్టాడు, సాయిలు పదకొండేళ్లు పట్టాడు. గావు పట్టాక మూడు రోజులు అన్నం నోట పెట్టలేకపోయేవాడు. ఆ సంగతి భార్య వజ్రమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. అడిగిన వాళ్లెవరు గనక.

ఎనభై నాలుగు ఎండాకాలంలో పక్క గల్లీలో పని దొరికింది. తెలుగు క్రైస్తవులు మేడ మీద అద్దెకు తీసుకున్న ప్రార్థన గది గోడలు పెచ్చులూడుతుంటే సిమెంటు పూయాలి. నాలుగు రోజుల పని. ఇతను గోడకు పూస్తుంటే వెనకాల పాస్టరు ప్రభుదాసు బాప్తిస్మానికి పేర్లిచ్చిన వాళ్లకు పాఠం చెప్తున్నాడు. గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి, మాట మెత్తన, పట్టు గట్టిది. మెస్సీయ, అంటే యేసయ్య, మూడు పనులు చేస్తాడని ఆనాటి పాఠం. ప్రవక్త, యాజకుడు, రాజు.

సాయిలు ఉండబట్టలేక వెనక్కి తిరిగాడు. "అయ్యగారూ, ఆ మూడు పనులకు మా గల్లీల ముగ్గురున్నరు. రాజవ్వకు శివమొస్తది, అమ్మోరి మాట ఆమె చెప్తది. బలి నేనిస్త. రాజ్జెం మా పంచు పెద్ద శంకర్రావుది. మీ దాంట్ల ఒక్కడే చేస్తడా?"

అందరూ పకపకా నవ్వారు. పాస్టరు నవ్వలేదు. "ఒక్కడేనయ్యా. దేవుడి మాట చెప్పేదీ ఆయనే, ఏలేదీ ఆయనే. బలిచ్చేదీ ఆయనే, ఆ బలీ ఆయనే. లోకం పాపమంతా మీద వేసుకుని తననే ఇచ్చుకున్నాడు."

"అంటే కోసెటోడు, కోసుకునేటిది ఒక్కరేనా?"

"ఒక్కరే."

సాయిలు తాపీ కింద పెట్టేశాడు. నోట్లో పదకొండేళ్ల నెత్తురు చప్పరించిన మనిషికి ఆ ఒక్క మాట చాలింది. మేక గొంతు కొరకని యాజకుడు ఒకడున్నాడన్నమాట. రాజూ ప్రవక్తా అతనికి అంతగా పట్టలేదు గానీ, యాజకుడు మాత్రం గుండెలో కూర్చున్నాడు. నాలుగు రోజుల పని కోసం పోయినవాడు ఆదివారం ఆదివారం పోవడం మొదలుపెట్టాడు. ఆషాఢంలో ఒక ఆదివారం సాయంత్రం వర్లి సముద్రంలో బాప్తిస్మమని పాస్టరు అతని పేరు రాసుకున్నాడు. సరిగ్గా అదే ఆదివారం గల్లీలో బోనాలు.

శంకర్రావు దగ్గరికి పోయి, గజ్జెలూ కొరడా అతని ముందు పెట్టి, ఈసారి గజ్జె కట్టనని సాయిలే చెప్పాడు. శంకర్రావు కోప్పడలేదు. ఆ మనిషికి కోపం వస్తే తెలియదు, అదే చెడ్డ గుణం. "నీ ఇష్టం అల్లుడా," అన్నాడు. వరసకు మామ కాడు, గల్లీలో అందరికీ మామే.

వానలు పడ్డాయి. గట్టర్లు పొంగి గుమ్మాల్లోకి వచ్చాయి. వరస గదుల చాల్‌లో వాంతులు, విరేచనాలు మొదలై వారంలో ఇద్దరు పిల్లలు పోయారు. గట్టర్ మీద పంచాయితీ పెట్టలేరు కదా, సాయిలు మీద పెట్టారు. పోతరాజు లేక అమ్మకు కోపమొచ్చిందని రాజవ్వ అంది, అవునని అందరూ తలలూపారు. సాయిలు ఇంటికి నల్లా బందని శంకర్రావు తీర్పు చెప్పాడు. చాల్ మొత్తానికి ఉన్నది వాకిట్లో ఒక్క నల్లా, నీళ్లొచ్చేది పొద్దున అయిదు నుంచి ఏడు దాకా. పక్క చాల్‌లలో ఎవరి నీళ్లు వాళ్లకే చాలవు. పాస్టరు గారి మేడ గదికి నల్లాయే లేదు.

రెండో రోజుకు సాయిలు కూతురు మంగళ పడిపోయింది. తొమ్మిదేళ్ల పిల్ల. పొద్దున గెంతులేసింది సాయంత్రానికి కళ్లు లోపలికి పోయి మూలుగుతోంది. దవాఖానాలో డాక్టరు చీటీ కూడా రాయలేదు. కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పూ చక్కెరా వేసి గుక్క గుక్క పట్టిస్తూనే ఉండాలి, ఆపితే పిల్ల దక్కదు అని పంపేశాడు. మందు నీళ్లే అన్నమాట. ఆ నీళ్లే లేవు.

వజ్రమ్మ బిందె చంకన పెట్టుకుని గ్రాంట్ రోడ్ స్టేషన్ నల్లాకు పోయేది. రెండుసార్లు దొరికాయి, మూడోసారి తరిమారు. నాలుగో పొద్దున సిగ్గు విడిచి చాల్ నల్లా దగ్గరికే పోయింది. శంకర్రావు అక్కడే స్టూలు వేసుకుని పళ్లు తోముకుంటున్నాడు. పుక్కిలించి ఉమ్మి, నల్లా పూర్తిగా తిప్పి, నీళ్లు గట్టర్లోకి వదిలాడు.

"చూడు బిడ్డా, నీళ్లు ఎన్నన్న ఉన్నయి. నీ మొగన్ని గజ్జె కట్టమను. బస్, ఒక్క దినం."

ఏడు దాటి నల్లా ఆగిపోయేదాకా ఆమెను అలాగే నిలబెట్టాడు, పాపిష్టివాడు. వజ్రమ్మ ఖాళీ బిందె తెచ్చి సాయిలు ముందు పెట్టింది. "నీ యేసయ్య నాకు తెల్వదు. నాకు బిడ్డ గావాలె," అంది.

సాయిలు ఆ పగలంతా బిడ్డ పక్కన కూర్చున్నాడు. గజ్జె కడితే యేసయ్యను అమ్ముకున్నట్టు. కట్టకపోతే బిడ్డ పోయినట్టు. కూర్చుని కూర్చుని చివరికి ఒక దారి కనబడింది. కనబడ్డందుకు పొంగిపోయాడు కూడా, పిచ్చి మనిషి. అందరి పాపం ఆయన మీద వేసుకున్నాడు కదా, కొరడా దెబ్బలు తిన్నాడు కదా. ఆయన చేసిందే నేను చేస్తే తప్పెట్లా అవుతుంది అనుకున్నాడు.

"మామా, పోతరాజు యేషం మాత్రం కట్టను," అన్నాడు శంకర్రావు ముందు నిలబడి. "గల్లీ తప్పంతా నా మీదేసి, నన్ను గొట్టుండ్రి. పసుపొద్దు, గజ్జెలొద్దు. నా దేవుడు పడ్డట్టు నేను పడ్త. అటెన్క నల్లా ఇడువుండ్రి."

శంకర్రావు అతని వీపు వంక ఓసారి చూశాడు. "ఆదివారం పగటీలి, అమ్మోరి గుడి ముంగట," అన్నాడు. "అప్పటిదాంక దినానికి ఒక్క చెంబు ఇడుస్త."

ఆదివారం వచ్చింది. మంగళ పెదాలు పగిలిపోయి, నాలుక ఎండి, నాయినా అనడానికి కూడా గొంతు రావడం లేదు. గుడి ముందు డప్పులు మోగుతున్నాయి, ఆడవాళ్లు బోనాలు నెత్తిన పెట్టుకుని నిలబడ్డారు. సాయిలు తెల్ల చొక్కా వేసుకుని వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. సాయంత్రం బాప్తిస్మానికని ఉతికి దాచుకున్న చొక్కా అది. శంకర్రావు చేతిలో ఉన్నది సాయిలు తండ్రి కొరడాయే.

మొదటి దెబ్బకు చొక్కా చిరిగింది. అయిదో దెబ్బకు వీపు చిట్లింది. ప్రతి దెబ్బకూ సాయిలు "యేసయ్య పేరున" అంటూనే ఉన్నాడు. డప్పుల చప్పుడులో పక్కనున్న వాడికి కూడా వినబడలేదు. శంకర్రావు తీరిగ్గా కొట్టాడు, చెయ్యి నొప్పిపుడితే మార్చుకుని కొట్టాడు. ఆషాఢం ఆదివారం, పోచమ్మ గుడి ముందు, పోతరాజు ఇంట్లో పుట్టినవాడు, వీపున కొరడా. చూసే వాళ్లకు ఏమనిపిస్తుందో ఒక్క సాయిలుకే తట్టలేదు, శంకర్రావుకు బేరం మాట్లాడిన రోజే తట్టింది. రాజవ్వ జుట్టు విరబోసుకుని ఊగిపోయింది.

"నా తమ్ముడొచ్చిండు. అలిగిపోయినోడు మల్లొచ్చిండు," అంది.

అంతే, గల్లీ మొత్తం మీద పడింది. చిట్లిన వీపు మీద పసుపు పూశారు. నడుముకు వేపమండలు చుట్టారు, కాళ్లకు గజ్జెలు కట్టారు. కాదు కాదని సాయిలు అరిచాడు. పోతరాజు పూనకంలో అరవకుండా ఉంటాడా అని ఇంకా గట్టిగా పట్టుకున్నారు. ఆనాటి సిపాయిలు యేసయ్యకు వెక్కిరించడానికి కిరీటం పెట్టారని పాస్టరు చెప్పాడు. వీళ్లు వెక్కిరించడం లేదు, నిజంగానే నమ్మి మొక్కుతున్నారు. అక్కడే సాయిలు పని అయిపోయింది.

ఆడవాళ్లు వరసగా బిందెలు తెచ్చి పోతరాజు కాళ్లు కడగడం మొదలుపెట్టారు. ఒక బిందె, రెండు, పది. వారం నుంచి చుక్క చుక్కకు ఏడ్చిన నీళ్లు కాళ్ల మీద నుంచి గట్టర్లోకి పోతున్నాయి.

"ఆ నీళ్లు నా బిడ్డకియ్యుండ్రి. మీ కాళ్లు మొక్కుత, నా బిడ్డకియ్యుండ్రి," అని ఏడ్చాడు. పోతరాజు నీళ్లడుగుతున్నాడని ఇంకో బిందె నెత్తిన గుమ్మరించారు. ఆ బిందె పట్టుకున్నది వజ్రమ్మే. పోసి, కాళ్లకు మొక్కి, మిగిలిన అడుగు నీళ్లు తీసుకుని ఇంటికి పరుగెత్తింది.

సాయంత్రం వర్లి ఒడ్డున పాస్టరు తెల్లబట్టలు కట్టుకుని మోకాలి లోతు నీళ్లలో ఉన్నాడు. సాయిలు అరువు చొక్కా వేసుకుని వచ్చాడు. మెడ దగ్గర పసుపు కనబడుతూనే ఉంది. జరిగింది దాచకుండా చెప్పాడు.

"బలి ఒక్కసారే అయిపోయింది సాయిలూ. రెండోది నిన్నెవరు అడిగారు?" అన్నాడు పాస్టరు. "ఆయన పని నువ్వు చెయ్యబోయావు. చివరికి ఎవరి పని చేసి వచ్చావో నీ ఒళ్లే చెబుతోంది. ఇట్లా నిన్ను నీళ్లలో ముంచలేను."

"బిడ్డ కోసం చేసిన అయ్యగారూ."

"అందరూ బిడ్డల కోసమే చేస్తారు," అని ఆయన తర్వాతి పేరు పిలిచాడు.

సాయిలు కొంచెం దూరం పోయి ఒక్కడే సముద్రంలో దిగి వీపు రుద్దుకున్నాడు. ఉప్పునీళ్లు పుండ్లలోకి పోయి ప్రాణం పోయినంత పనయింది. పసుపు పోలేదు.

మంగళ బతికింది. ఆ రాత్రి నుంచి నల్లా వాళ్ల గుమ్మం దాకా నడిచొచ్చింది, గల్లీ ఆడవాళ్లంతా కాచిన నీళ్లు పట్టుకొచ్చారు. నాలుగో రోజుకు లేచి కూర్చుంది. పోతరాజు తిరిగొచ్చాడు గనక బిడ్డ దక్కిందని గల్లీ అంది, వజ్రమ్మా అంది. ప్రార్థన గదిలో సాయిలు పేరు కొట్టేశారు.

మరుసటి ఆషాఢం ఆదివారం పొద్దున సాయిలు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పదేళ్ల మంగళ కొత్త గౌనేసుకుని, శంకర్రావు పంపిన గజ్జెలు పట్టుకొచ్చి అతని ముందు చతికిలబడింది. గల్లీలో ఇప్పుడు దాన్ని అందరూ పోతరాజు బిడ్డ అని ముద్దు చేస్తున్నారు.

"నేను గట్టనే గట్ట బిడ్డా," అన్నాడు సాయిలు మెల్లగా.

"నువ్వు గట్టినవనే గద నాయినా నేను బతికిన," అంది మంగళ. "కాళ్లు ఇటియ్యి."

వాకిట్లో కట్టేసిన మేకపిల్ల అరుస్తోంది. సాయిలు కాళ్లు చాపాడు.