సౌండు ఆగిపోయిన ఆదివారం

మా చిన్నప్పుడు ఆదివారం పొద్దున టీవీ ముందు చోటు పట్టుకోవడమే పెద్ద పని... సూరత్‌లో మేముండే సందులో అందరూ మగ్గాల మనుషులే. కరీంనగర్ వైపు నుంచి వచ్చి పవర్‌లూమ్ కార్ఖానాల్లో పనిచేసే కుటుంబాలు. మా ఇంట్లో ఒక పాత టీవీ ఉండేది కాబట్టి పక్కిళ్ల పిల్లలంతా మా గదిలోనే.

అప్పట్లో ఒక విదేశీ సీరియల్ హిందీలో వచ్చేది. ఇద్దరు అక్కాచెల్లెళ్లు, ఒక పాత లిఫ్టు. కింది మీట నొక్కితే జరిగిపోయిన కాలం, పై మీట నొక్కితే రాబోయే కాలం. తప్పిపోయిన అన్నను వెతుక్కుంటూ వారానికో కాలంలో దిగేవారు. ఒక వారం రాజుల కోటలో, ఇంకో వారం మనుషులే లేని పట్నంలో... నేను నాలుగో తరగతిలో ఉండగా మొదలైంది. కాలేజీలో చేరినా ఆ అన్న దొరకలేదు.

మాతో పాటు మా నాన్న కూడా చూసేవాడు, మేం బాపు అని పిలిచేవాళ్లం. కార్ఖానాకు ఆ ఒక్కరోజే సెలవు. తలస్నానం చేసి, గోడకు ఆనుకుని, చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చునేవాడు. మేం నవ్వితే ఆయనా నవ్వేవాడు... కాస్త ఆలస్యంగా.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఒక గొడవ నడుస్తుండేది. అమ్మ పిలిస్తే బాపు పలికేవాడు కాదు. బియ్యం నిండుకున్నాయని చెప్పినా, తమ్ముడికి జ్వరమని చెప్పినా, తనకు కాదన్నట్టు చెప్పులేసుకుని వెళ్లిపోయేవాడు. మొదట్లో అమ్మ గట్టిగా అరిచేది. తర్వాత మాట్లాడడమే మానేసింది. కంచం ఆయన ముందు పెట్టి లేచిపోయేది. ఒకరోజు పక్కింటి లక్ష్మి అత్తతో అమ్మ అంటుంటే నా చెవిన పడింది...

"ఈయనకు నేనంటె లెక్కనే లేదు. బడికి సెలవులియ్యంగనే పిల్లల్ని దీస్కొని మా తల్లిగారింటికి వోత. మల్ల రాను."

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు సెలవులంటే భయం పట్టుకుంది. బడిలో అందరూ సెలవుల కోసం ఎదురుచూస్తుంటే, నాకు మాత్రం అన్నం సహించేది కాదు.

అలాంటి ఒక ఆదివారం... సీరియల్లో అన్న జాడ తెలుస్తుందని మేం ఆశపడ్డ వారం అది. లిఫ్టు తలుపు తెరుచుకుంటోంది. మేమంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. టక్కున సౌండు ఆగిపోయింది. బొమ్మ మాత్రం కదులుతూనే ఉంది.

నేను లేచి టీవీ బటన్ అటూ ఇటూ తిప్పాను. లాభం లేకపోయింది. అప్పుడు వెనక నుంచి బాపు అన్నాడు...

"బొమ్మ మంచిగనే వస్తుంది గద బిడ్డా. ఎందుకు గెలుకుతున్నవ్? కూసో."

పిల్లలందరూ వెనక్కి తిరిగి చూశారు. బాపు మాత్రం టీవీనే చూస్తున్నాడు, ఎప్పటిలాగే కొద్దిగా నవ్వుతూ.

పొయ్యి దగ్గరున్న అమ్మ గరిటె పక్కన పెట్టేసింది. మెల్లగా వచ్చి ఆయన వెనక నిలబడి "ఏమయ్యా" అంది. అరవలేదు, మామూలుగానే అంది. మళ్లీ పిలిచింది. బాపు కదల్లేదు. అప్పుడు అమ్మ ముందుకొచ్చి, ఆయనకు ఎదురుగా కూర్చుంది.

"నీకు ఇనవడ్తలేదా?"

బాపు ఆమె పెదవుల వైపు చూశాడు. టీవీని చూశాడు, నన్ను చూశాడు. ఏం జరిగిందో అర్థమైనట్టుంది. తల దించుకున్నాడు.

"మగ్గాల మోతకు చెవులు వొయినయ్," అన్నాడు. "జరంత ఇనవడ్తది. మొకం జూస్తె సమజైతది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"సేఠ్‌కు తెలిస్తె పని తీసేస్తడని... నీకు చెప్తె నువ్వు రంది వెట్టుకుంటవని."

"గిన్నొద్దులు నేను రంది లేకుంట ఉన్ననా?" అంది అమ్మ. "నువ్వు కావాలనే పలుకుతలేవనుకున్న."

అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. బాపు తను తాగుతున్న చాయ్ గ్లాసు ఆమె వైపు జరిపాడు. కాసేపటికి అమ్మ ఆ చాయ్ తాగింది.

తల్లిగారింటి మాట మళ్లీ రాలేదు. పెద్దాసుపత్రిలో డాక్టర్, పోయిన వినికిడి తిరిగి రాదని, మిగిలింది కాపాడుకోవాలంటే మోతకు దూరంగా ఉండాలని చెప్పాడు. బాపు మగ్గం వదిలేసి చీరల మార్కెట్‌లో మడతలు పెట్టే పనికి మారాడు. జీతం తగ్గింది. అమ్మ ఇంట్లోనే చీరలకు లేసు కుట్టడం మొదలుపెట్టింది. కష్టంగానే గడిచింది గానీ, ఇంట్లో మాటలు మాత్రం తిరిగొచ్చాయి. అమ్మ ఏం చెప్పాలన్నా ఆయన ముందుకొచ్చి చెప్పేది.

సీరియల్ కథ చెప్పే పని నాది. టీవీ పక్కన బాపు వైపు తిరిగి కూర్చుని, హిందీలో విన్నదాన్ని తెలుగులో, పెదవులు బాగా కదిలేలా చెప్పేదాన్ని. చేతులు కూడా తిప్పేదాన్ని. మగ్గాల మోతలో అందరూ సైగలతోనే మాట్లాడుకుంటారు కాబట్టి బాపుకు అవి ఇట్టే అర్థమయ్యేవి. ఒకసారి అడిగాను... "గా లిఫ్టు మనకు దొరికితె యాడికి వోతవ్ బాపూ?"

"యాడికి వోత బిడ్డా? ఉన్నది ఒక్క ఆదివారమే," అన్నాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచే నవ్వింది.

ఇప్పుడు మేం సూరత్‌లోనే అమ్రోలి వైపు ఉంటున్నాం. అమ్మా బాపూ నా దగ్గరే. ఆ సీరియల్ ఇంకా వస్తూనే ఉంది... నటులు మారారు, టీవీలోంచి ఫోన్‌లోకి వచ్చింది. మా అమ్మాయి తాతకు తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టడం నేర్పింది. బాపు చిన్నప్పుడు ఊళ్లో చదువుకున్న ఐదో తరగతి ఇప్పుడు పనికొస్తోంది. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదువుతాడు.

మొన్న నేను అలవాటు కొద్దీ ఎదురుగా కూర్చుని చేతులు తిప్పుతూ కథ మొదలుపెట్టాను. బాపు నా భుజం మీద చెయ్యేసి అన్నాడు...

"జర పక్కకు జరుగు బిడ్డా. అక్షరాలు కనవడ్తలేవు."

జరిగాను. ఇప్పుడు అంతా ఆయనే చదువుకుంటాడు... నన్నెవరూ కథ అడగరు.

మీ ఇంట్లో టీవీ ముందు ఎవరు ఎవరికి కథ చెప్పేవారు? గుర్తుంటే కింద రాయండి... తీరిగ్గా చదువుకుంటాను.