గురజాల దాకా సుత్తితో

తెల్లవారుజామున 5.40కి పాల ప్యాకెట్ల సంచి గేటుకి తగిలిన చప్పుడైంది. పాలు ఫ్రిజ్‌లో పెట్టి, తాళం వేసి, నరసరావుపేట బస్టాండుకి నడిచాను. చేతిసంచిలో నీళ్ల సీసా, బైబిలు, సుత్తి, కొన్ని మేకులు, మడతపెట్టిన ఒక కాగితం ఉన్నాయి.

ఆ రోజు అక్టోబరు 31. ఐదువందల ఏళ్ల కిందట జర్మనీలో ఒక సన్యాసి తన అభ్యంతరాలు రాసి చర్చి తలుపుకి మేకుతో కొట్టాడని చెప్పుకునే రోజు. గురజాల అవతల మా పుట్టింటి ఊళ్లో దాన్ని సంస్కరణ పండుగగా చేస్తారు. ఆ పండక్కి మా ఊరిదే ఒక ఆచారం ఉంది. సంఘంలో ఎవరికి ఏ అభ్యంతరం ఉన్నా కాగితం మీద రాసి తలుపుకి మేకు కొట్టవచ్చు. మేకు దిగిన కాగితాన్ని పాస్టరుగారు ప్రసంగానికి ముందు పైకి చదవాలి. సంఘం అక్కడే జవాబు చెప్పాలి. ఆడవాళ్ల వైపు ఫ్యాన్లు అలా వచ్చినవే.

ఈ పద్ధతి పెట్టింది మా అన్నయ్య. లెక్కల మాస్టారు. జర్మనీ ఎన్నడూ చూడలేదు. కానీ ఏటా ఆ రోజు, ఇదే తేదీన అక్కడ ఒక గొప్ప గణితవేత్త పుట్టాడని, నీలిమందును ప్రయోగశాలలో తయారుచేసిన శాస్త్రవేత్త కూడా పుట్టాడని చెప్పేవాడు. పోయిన ఎండాకాలంలో చనిపోయాడు. చివరిసారి కలిసినప్పుడు ఒక్క సంగతే మాట్లాడాడు. సంఘ పెద్దలు సమాధుల తోట గోడ పడగొట్టి, రోడ్డు వైపు మొదటి వరస చదును చేసి, షాపులు కట్టాలనుకుంటున్నారు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనిచేసి పోయిన మా ఊరి కూలీలు ఆ వరసలో ఉన్నారు. వాళ్ల సమాధులకు రాళ్లు లేవు, ఏటా వేసే సున్నమే గుర్తు. ఈసారి కాగితం దాని మీదే అన్నాడు. రాయకముందే పోయాడు. అందుకని నేను రాశాను.

6.20కి పిడుగురాళ్ల బస్సు దొరికింది. ఆడవాళ్లకు టికెట్ ఉచితం, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. నకరికల్లు దగ్గర ఎక్కినావిడ నా సంచి ఒళ్లో పెట్టుకుని, ఇంత బరువేంటని లోపలికి తొంగి చూసింది.

"ఏంది పెద్దమ్మా, సుత్తి తీసకపోతన్నావు, యాడికి?"

"చర్చికి."

"ఎవుర్ని కొట్టటానికి?"

"తలుపుని."

"అదేం పాపం చేసింది?" అని నవ్వి, కాసేపటికి నా భుజం మీదే నిద్రపోయింది.

పిడుగురాళ్లలో బస్టాండు ఎదుట ఇడ్లీ తిన్నాను. బల్లల మీద కూడా సున్నపు పొడి ఉంటుంది, తుడిచి కూర్చోవాలి. మాచర్ల బస్సు ఎక్కి గురజాలలో దిగి, షేర్ ఆటోలో తొమ్మిదింటికి ఊరు చేరాను.

చర్చికి కొత్త ఇనప తలుపు పెట్టారు. సంఘ పెద్ద మెట్ల మీదే ఉన్నాడు. వరసకు తమ్ముడు. నా చేతిలో సుత్తి చూశాడు.

"అక్కయ్యా, దీనికి మేకేం దిగుద్ది? వాట్సాప్ గ్రూపులో పెట్టు, చూద్దాంలే."

"చూడటం కాదు. చదవాలి."

"మేకు దిగితేనే చదివేది. మీ అన్న పెట్టిన రూలే గదా."

చర్చి వెనక్కి నడిచాను. వంటల రేకుల షెడ్డులో ఆడవాళ్లు విందుకి ఉల్లిపాయలు తరుగుతున్నారు. ఇటుకల మీద వెడల్పాటి చెక్క పరిచి దాని మీద తరుగుతున్నారు. చెక్క నిండా మేకుల బొక్కలు. పాత తలుపు అదే.

"ఇది ఒక గంట కావాలి," అన్నాను.

"మాస్టారి చెల్లెలివి గదమ్మా. ఏమే, ఉల్లిపాయలు తియ్యండి," అంది పెద్ద వంటామె. నలుగురు మోసుకొచ్చి ఇనప తలుపుకి ఆనించి నిలబెట్టారు. చెక్క తడిగా ఉంది. రెండు దెబ్బలకే మేకు దిగింది.

"ఇది తలుపా, కత్తిపీటా?" అన్నాడు సంఘ పెద్ద.

పాస్టరుగారు చిన్నవాడు, ఈ మధ్యే చిలకలూరిపేట వైపు నుంచి బదిలీ మీద వచ్చాడు. పాత బొక్కలు తడిమి చూసి, "తలుపేనండీ," అన్నాడు. పదింటికి ఆరాధన మొదలైంది. ప్రసంగానికి ముందు ఆయన కాగితం చదివాడు. వెనక నుంచి ఒక ముసలామె లేచింది. "మా ఆయన ఆ వరసలోనే ఉన్నాడు. ఈ చర్చికి సున్నం ఆయన మోసిందే. ఆయన మీద షాపు కట్టి ఏం అమ్ముతారయ్యా?"

చేతులెత్తమన్నారు. గోడ జోలికి పోకూడదని తేలింది. సంఘ పెద్ద కూడా చివర్లో చెయ్యెత్తాడు. వెంటనే ఇంకో మాట అన్నాడు: కొత్త తలుపు పాడవుతుంది, వచ్చే ఏటి నుంచి అభ్యంతరాలు పెట్టెలో వేయాలి. దానికీ చేతులు లేచాయి. నాకు మాచర్ల నుంచి వచ్చే మూడింటి బస్సు అందాలి. వాదించలేదు.

వెళ్లేముందు సమాధుల తోటలో ఆగాను. షెడ్డులో అడిగి తెచ్చిన సున్నం మొదటి వరసకు, దాని వెనక అన్నయ్య సమాధికి వేశాను. బస్సు కిటికీలోంచి ఆ తెలుపు కొంతదూరం కనబడింది. ఇప్పుడు గురజాల నుంచి వెళ్లేవారు రోడ్డు ఎడమ వైపు చూస్తే గోడ అలాగే ఉంటుంది.

పాత తలుపు మళ్లీ షెడ్డుకే పోయింది. దాని మీద ఉల్లిపాయలు తరుగుతారు. సంస్కరణ పండక్కి మా ఊళ్లో ఇప్పుడు మేకు కొట్టరు.