పెట్టెలో మూసిన ధూళి

“రాతిధూళి రొమ్ములో చేరి మా నాయన సచ్చిపోయినాడు. ఇంగ నా బిడ్డని కూడా ధూళి పనికి పంపల్లా? నేను పంపను మా!”

“పంపేదానికి నువ్వెవడప్పా? పోయేది అది.”

నా కొడుకు కంచం పక్కకు తోశాడు. రాగి ముద్ద దండగవుతుందని నేను దాన్ని మళ్ళీ వాడి ముందుకే జరిపాను.

గొడవ నా మనవరాలి ఉద్యోగం గురించి. మా ఊరి బంగారు గనులు మూతపడ్డాక మా వీధిలో సగం మంది లాగే వాడూ రోజూ రైల్లో బెంగళూరుకు పోయి పని చేసి వస్తాడు. పిల్లకూ అక్కడే, పెద్ద పెద్ద అద్దాలకు లేజరుతో పూత వేసే చోట పని దొరికింది. మరునాడే చేరాలి. “లేజరు తగిలితే పూతకు పెట్టిన బిళ్ళలోంచి పొడి లేచి అద్దం మీద పడతాది” అని అది సంబరంగా చెప్పింది. పొడి అనగానే వాడికి తండ్రి దగ్గు గుర్తొచ్చింది.

నాకూ వచ్చింది. అందుకే అడిగాను.

“ఆ పొడి లేచేటప్పుడు నువ్వు యాడ ఉంటావే?”

“బయట, అవ్వా. అది ఇనుప పెట్టె. మూసేసి లోపలి గాలంతా లాగేస్తారు. మేము కిటికీలోంచి చూస్తాము.”

“అంత పెద్ద అద్దానికి నడిమధ్యలోనే మందంగా పడదా?”

“అందుకే అద్దాన్ని తిప్పుతా, లేజరును జరుపుతా ఉంటారు. ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే పొర. వెంట్రుక కన్నా శానా పల్చన. చిటికెడు పొడి చాలు.”

చిటికెడుతో అంత పని అంటే నాకు నచ్చింది. కొడుకు వైపు తిరిగాను.

“మీ నాయనను ధూళితో కలిపి గని లోపలేసినారు. ఈడ ధూళిని లోపలేసి పిల్లను బయట నిలబెట్టినారు. రెండూ ఒకటేనా? గనోళ్ళు బంగారం తీసుకోని వదిలేసి పోయిన సైనైడ్ మట్టిదిబ్బ ఉండాదే, గాలి తోలితే అది ఊరంతటికీ పూత పూస్తాది. మన గంజి మీద గూడా. ఇంట్లో కూర్చోబెడితే దీనికి ధూళి తగలదా?”

“రెండో క్లాసు చదివినదానివి, నీకేం తెలుసు మా?”

“ఆ దగ్గు పక్కన పండుకున్నదాన్ని. నాకు తెలీంది నీకు తెలుసునా?”

“అది పోతే నేను దాంతో కలిసి రైలెక్కను.”

“రైల్లో శానా బోగీలు ఉండాయి లేప్పా.”

వాడు ముద్ద పూర్తిగా తిని లేచాడు.

మరునాడు పొద్దున రెండు క్యారియర్లు కట్టాను. పిల్లతో స్టేషను దాకా నేనే నడిచాను. అది ఆడవాళ్ళ బోగీ ఎక్కింది. నా కొడుకు దాని వెనక బోగీ ఎక్కాడు. రైలు కదిలింది.