మాట అందించే మనిషి

మా అత్తగారు నాటకాల కంపెనీలో పని చేసేది అనగానే వినేవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే. "ఏ వేషం వేసేదండీ?" ఏ వేషమూ వేయలేదు. అన్నేళ్ళు నాటకాల్లో ఉన్నా ఆవిడ ముఖం ప్రేక్షకుల్లో ఒక్కరూ చూసి ఎరగరు. గొంతు కూడా వినలేదు. వినిపించిందంటే ఆవిడ పని చెడినట్టే. నటులు మాట మర్చిపోతే పక్కనుంచి అందించడం ఆవిడ ఉద్యోగం. ప్రాంప్టరు అంటారు. రంగస్థలం పక్కన తెరలు వేలాడే ఇరుకు సందులో, బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చునేది. ఒళ్ళో నాటకం ప్రతి ఉండేది గానీ అందులోకి చూసేది కాదు. చూపంతా నటుల గొంతుల మీదే.

"మర్చిపోయానని వాడికి తెలిసేలోపే వాడి గొంతు గుటక వేస్తుందే అమ్మాయ్. అప్పుడే అందించాలి. వాడు దిక్కులు చూశాక అందిస్తే ఏం లాభం, జనం చూసేస్తారు" అని చెప్పేది నాకు, నేనేదో రేపణ్ణుంచి ఆ పనిలో చేరబోతున్నట్టు.

మామగారు పోయేనాటికి మా ఆయన చంటిపిల్లాడు. ఇంటిపట్టున ఉండి ఏదో ఒకటి చేసుకోమని చుట్టాలంతా తలా ఒక సలహా ఇచ్చారట. ఆవిడ అందరి మాటా విని, పిల్లాణ్ణి చంకనేసుకుని నాటకాల కంపెనీలో చేరింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. మామగారి పాత చొక్కాలు చీర మీద వేసుకు తిరిగేది, జేబులో పెన్సిలూ సిగరెట్ పెట్టే ఉండేవి. నేను కుట్టుపని చేసేదాన్ని కాబట్టి, కాపురానికి వచ్చిన కొత్తలో, వీధిలో నలుగురూ నవ్వుతున్నారన్న బాధకొద్దీ, "మీ జాకెట్లకి జేబులు కుట్టిపెడతాను అత్తయ్యా" అన్నాను. "ఆయన జేబంత లోతు రాదులే" అంది. ఆ మాటలో వెటకారం ఉందో, ఇంకేమైనా ఉందో నాకు ఆ వయసులో తెలియలేదు.

ఇంట్లో ఆవిడతో తల ప్రాణం తోకకొచ్చేది. పనికెళ్ళిన చోటే ఆ పనిని వదిలిరావడం ఆవిడకి చేతకాదు. కూరలమ్మే ఆవిడ లెక్క చెబుతూ ఒక్క క్షణం ఆగితే మిగతాది మా అత్తగారే చెప్పేది. ఎదురింటాయన ఆఫీసుకి ఎందుకు వెళ్ళలేదో భార్యకి అబద్ధం చెబుతూ తడబడితే, మా అరుగు మీదనుంచి "కడుపునొప్పి" అని అందించింది ఒకసారి. ఆయన ఆ తర్వాత చాలా కాలం మా ఇంటివైపు చూడలేదు. నేనూ మా ఆయనా పోట్లాడుకుంటే మరీ విడ్డూరం. ఆయనకి మాట తట్టకపోతే ఆయనకి అందించేది, నాకు తట్టకపోతే నాకు. ఏ పక్షమూ లేదు. పోట్లాట మధ్యలో ఆగిపోతే చూడలేదంతే. మేం నవ్వేసి ఊరుకోవాల్సి వచ్చేది.

మావాడు పుట్టాక ఆవిడ జేబులో సిగరెట్ పెట్టె పోయి పిల్లాడి గిలక్కాయ చేరింది. వాడికి నాలుగో ఏడు వచ్చేసరికి మాటకి నత్తి పట్టింది. మొదటి అక్షరం దగ్గరే గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు ఆగిపోయేవాడు. మాకు దిగులు పట్టుకుంది గానీ వాళ్ళిద్దరికీ ఏ దిగులూ లేదు. వాడు "నా..." అనేవాడు, ఆవిడ "నాకు ఆకలేస్తోంది" అనేది. వాడు "ఎ..." అనేవాడు, "ఎర్ర చొక్కా ఏది" అని ఆవిడ అడిగేది. ఒక్కసారైనా తప్పు చెప్పగా నేను చూడలేదు. సాయంత్రం రిహార్సల్‌కి వాణ్ణి వెంట తీసుకెళ్ళేది. ఆ చెక్కపెట్టె మీదే సగం చోటిచ్చి కూర్చోబెట్టుకునేది. అక్కడ అంత పెద్ద పెద్ద మీసాలవాళ్ళు మాట మర్చిపోయి వీళ్ళవైపు ఓరచూపు చూస్తుంటే వాడికి ఎంత సంబరమో. ప్రపంచంలో అందరికీ మా నాయనమ్మే మాటలిస్తుంది అనుకునేవాడు.

బళ్ళో వేశాక తెలిసింది అసలు సంగతి. అక్కడ వాడికి అందించేవాళ్ళు లేరు. వాడు మాట మొదలుపెట్టడమే మానేశాడు. పిల్లలు 'అరమాట' అని పేరు పెట్టారు. పిల్లవాడికి తెలివి లేదేమో అని పంతులమ్మ నన్ను పిలిచి మెల్లగా అడిగింది. నేను ఇంటికొచ్చి కుట్టుమిషన్ ముందు కూర్చుని ఏడ్చాను.

మాటలు నేర్పే డాక్టరమ్మ దగ్గరికి అందరం వెళ్ళాం. అత్తగారు ఉతికిన చొక్కా వేసుకుని మరీ వచ్చింది. డాక్టరమ్మ వాణ్ణి ఏదో అడిగింది. వాడు నోరు తెరిచాడు, అత్తగారు జవాబు చెప్పింది. మళ్ళీ అడిగింది, మళ్ళీ అదే. డాక్టరమ్మ కలం కింద పెట్టి, "అమ్మా, ఇక్కడ జబ్బు ఎవరికి?" అంది నవ్వుతూ. తర్వాత నవ్వకుండా చెప్పింది. ఇకమీదట ఈ పిల్లాడికి ఇంట్లో ఎవరూ మాట అందించకూడదు. వాడు మాట్లాడేటప్పుడు ముఖంలోకి చూస్తూ, చేతిలో పని పక్కన పెట్టి, ఎంతసేపైనా సరే ఆగాలి. తొందర పెట్టకూడదు, జాలి పడకూడదు. వాడికివ్వగలిగిన ప్రేమంతా ఆ ఆగడంలోనే ఉంది అంది.

"ఎదురుగా మనిషి మాట కోసం కొట్టుకుంటుంటే చూస్తూ కూర్చోవాలా?" అంది అత్తగారు. "మా దగ్గర అలా కూర్చున్నవాణ్ణి పనిలోంచి తీసేస్తారమ్మా."

అయినా ప్రయత్నించింది. మనవడి కోసం సిగరెట్టే మానేసిన మనిషి, ఇది మానలేదా అనుకున్నాం. కొంగు నోట్లో కుక్కుకునేది. పళ్ళు బిగించేది. వాడు నోరు తెరిస్తే ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చునేది. అలా కొన్ని వారాలు గడిచేసరికి వాడు ఇంట్లో కాస్త మాట్లాడుతున్నాడు కూడా. అందరం సంతోషించాం. బళ్ళో మాత్రం ఏ మార్పూ లేదు. ఇదేం చోద్యమని డాక్టరమ్మే ఒకరోజు ఇంటికొచ్చి కూర్చుంది. వాడు ఎవరితో మాట్లాడుతున్నా వాడి కళ్ళు మాత్రం నాయనమ్మ మీదే ఉండటం ఆవిడ కనిపెట్టింది. అత్తగారు గొంతు ఆపింది గానీ పెదాలు ఆపలేకపోయింది. చప్పుడు లేకుండా పెదాలతోనే మాట అందిస్తోంది. ఆ సంగతి ఆవిడకే తెలియదు. చెబితే నమ్మలేదు. నేను అద్దం తెచ్చి ఎదురుగా పెట్టి వాణ్ణి ఏదో అడిగాను. అద్దంలో తన పెదాలు చూసుకుని ఆవిడ ముఖం పాలిపోయింది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. పుట్టుకతోనే రానక్కర్లేదు, కష్టపడి నేర్చుకున్న బుద్ధి కూడా అంతే.

ఇక చెప్పక తప్పింది కాదు. "అత్తయ్యా, వాడు మాట్లాడేటప్పుడు మీరు వాడికి కనబడకుండా ఉంటే మంచిదంటోంది డాక్టరమ్మ" అన్నాను.

"కనబడకుండా ఉండటం నాకేం కొత్త" అంది. అని, చొక్కా జేబులో ఏదో వెతుక్కుంటున్నట్టు కాసేపు తల వంచుకుని నిలబడింది.

ఆ రోజునుంచి వాడు నోరు తెరిస్తే ఆవిడ లేచి వెళ్ళిపోయేది. వాడు బడినుంచి పరిగెత్తుకొచ్చి, పరుగుపందెంలో గెలిచిన పలక చేత్తో పట్టుకుని "నా... నా..." అంటుంటే, ఆవిడ మంచం మీదనుంచి లేచి పెరటివైపు నడిచింది. వాడు పలక పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నేను మిషన్ ఆపి, వాడి ముఖంలోకి చూస్తూ కూర్చున్నాను. వాడు నెమ్మదిగా, తడబడుతూ, చివరిదాకా తనే చెప్పాడు. చెప్పాక పెరటి తలుపు వైపు చూశాడు.

నీ మంచికేరా, డాక్టరమ్మ అలా చేయమంది అని ఎన్నిసార్లు చెప్పానో. పిల్లలకి చెప్పింది ఎక్కదు, చూసింది ఎక్కుతుంది. నేను మాట్లాడితే నాయనమ్మకి విసుగు, వినలేక లేచిపోతుంది. అదీ వాడికి ఎక్కిందనుకున్నాను.

కానీ నేను చూసింది వేరు. ఒకసారి నీళ్ళ కోసం పెరట్లోకి వెళ్ళాను. ఆవిడ తలుపు వెనక బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉంది. కళ్ళు మూసుకుంది. లోపల వాడు వాళ్ళ నాన్నతో ఏదో చెప్పబోయి ఒక మాట దగ్గర ఆగిపోయాడు. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. చాలాసేపటికి ఆ మాట వాడే అన్నాడు. ఆవిడ ఊపిరి వదిలి, కళ్ళు తెరిచి, నన్ను చూసి సిగ్గుపడింది. "వాడికి చెప్పకు. తెలిస్తే మళ్ళీ తలుపు వైపే చూస్తాడు" అంది. నిజమే కదా అని ఊరుకున్నాను.

వాడికి మాట వచ్చింది. పదో తరగతికి వచ్చేసరికి నెమ్మదిగానైనా తడుముకోకుండా మాట్లాడేవాడు. అందరితోనూ మాట్లాడేవాడు, ఆవిడతో తప్ప. ఇక అక్కర్లేదని డాక్టరమ్మ చెప్పాక ఆవిడ ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టింది గానీ, అప్పటికి వాడు ఆవిడకి రెండు ముక్కల్లో జవాబు చెప్పి వెళ్ళిపోవడం అలవాటు చేసుకున్నాడు. కోపం కాదు, మర్యాద. పెద్దవాడయ్యాక బకెట్ సంగతి చెప్పాను. "ఇప్పుడెందుకమ్మా అవన్నీ" అని నవ్వేశాడు. నమ్మాడో లేదో తెలియదు.

ఈలోగా నాటకాల్లో కూడా రోజులు మారాయి. గొంతులు ముందే రికార్డు చేసి పెడితే నటులు దానికి పెదాలు కదుపుతున్నారు. మర్చిపోయేదే లేనప్పుడు అందించేదెవరికి? "ఉత్త పెదాలు కదిపితే చాలట. అది నాకొచ్చిన విద్యేగా, నన్నే పెట్టుకోవచ్చు" అని నవ్వుతూ ఇంటికొచ్చేసింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి పక్షవాతం వచ్చి, ఒక పక్క కాస్త పడిపోయి లేచింది. నడక వచ్చింది, మాటలే ఒక్కొక్కటీ జారిపోయాయి. గ్లాసుని చూపించి "అది" అనేది. నన్ను కూడా ఒక్కోరోజు "అది" అనేది. మా ఇంట్లో అందరికీ ఆగడం బాగా వచ్చు. ఎవరూ తొందరపెట్టలేదు, ఎవరూ మాట అందించలేదు. అంత మర్యాదగల ఇల్లు ఇంకొకటి ఉండదని ఆవిణ్ణి చూసి వెళ్ళిన వాళ్ళంతా మెచ్చుకున్నారు.

వాడికి అప్పటికి ఉద్యోగం వచ్చింది, కరెంటు సామాన్ల దుకాణంలో. ఒక సెలవురోజు మధ్యాహ్నం నేను మిషన్ మీద ఉన్నాను. ఆవిడ మంచం మీదనుంచి వాణ్ణి చెయ్యి ఊపి పిలిచింది. వాడు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"నువ్వు మాట్లాడుతుంటే..." అంది. ఆ మధ్యకాలంలో ఆవిడ నోట అంత బారు మాట రాలేదు. "నేను లేచి పోయేదాన్ని కదా. అది... నాకు నువ్వంటే..."

ఆగిపోయింది.

నా కాలు మిషన్ మీద ఆగిపోయింది. వాడు చేతులు ఒళ్ళో పెట్టుకుని, కొంచెం ముందుకి వంగి, ఆవిడ ముఖంలోకి చూస్తూ ఉన్నాడు. కదల్లేదు. జాలిపడలేదు. డాక్టరమ్మ నేర్పింది నేర్పినట్టు, ఎంతసేపైనా సరేనని కూర్చున్నాడు. వాడికి తెలిసిన ప్రేమ అది. ఆవిడ వాడి గొంతు వైపు చూసింది, పెదాల వైపు చూసింది. పక్కకి, ఎవరూ లేని తలుపు వైపు చూసింది. ఆవిడ గొంతు గుటక వేయడం నాకు కనబడుతూనే ఉంది.

"తొందరేం లేదు నాయనమ్మా. నువ్వే మెల్లగా చెప్పు" అన్నాడు. ఎక్కడా తడబడకుండా అన్నాడు.

ఆవిడ ఇంకాసేపు వెతుక్కుంది. తర్వాత వాడి చేతిమీద చెయ్యేసి రెండుసార్లు తట్టి, గోడవైపు తిరిగి పడుకుంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ చలికాలం దాటకుండానే పోయింది.

కర్మలన్నీ అయి చుట్టాలు వెళ్ళిపోయాక, వాడూ నేనూ వంటింట్లో కూర్చుని అన్నం తింటున్నాం. వాడు కంచంలో వేళ్ళు ఆడిస్తూ, "ఆ రోజు నేను అందించాల్సింది కదమ్మా" అన్నాడు.

"ఏమని అందిస్తావురా? ఆవిడేం చెప్పబోయిందో నీకేం తెలుసు?" అన్నాను, వాడి మనసు తేలిక చేద్దామని.

"తెలుసు" అన్నాడు. "చిన్నప్పుడే తెలుసు. ఆవిడ బకెట్ మీద కూర్చునేదని నువ్వు చెప్పకముందే తెలుసు, తలుపు కిందనుంచి ఆవిడ కాళ్ళు కనబడేవి. ఒక్కసారి ఆవిడ నోటితో విందామని ఊరుకున్నానమ్మా."