ఆరో అంతస్తు నుంచి తీసిన ఫొటో

హైటెక్ సిటీలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, దూరంగా ఉన్నవాటిని తీసే పెద్ద లెన్స్ కొనుక్కున్నాను. మనుషుల దగ్గరికెళ్లి ఫొటో అడగాలంటే నాకు బిడియం. ఒక మధ్యాహ్నం ఆరో అంతస్తు బాల్కనీ నుంచి చూస్తే, మా ఫ్లోర్ ఊడ్చే యాదమ్మ పార్కింగ్ చివర ఒంటరిగా కూర్చుని ఏడుస్తోంది. కెమెరాను రెయిలింగ్‌కి ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కాను. చెంప మీది కన్నీటిచుక్క కూడా స్పష్టంగా వచ్చింది.

ఆఫీసు ఫొటో పోటీలో దానికే మొదటి బహుమతి. పెద్దది చేసి లిఫ్టుల దగ్గర పెట్టారు. "అబ్బ, ఎంత షార్ప్‌గా ఉందే!" అని అందరూ మెచ్చుకుంటే పొంగిపోయాను.

మర్నాడు యాదమ్మ నా సీటు దగ్గరికొచ్చింది.

"గా ఫొటో నువ్వే తీసినవా బిడ్డా?"

తలూపాను.

"పొద్దటిసంది 'ఎందుకేడ్చినవ్ యాదమ్మా' అని అందరూ ఒకటే అడుగుడు. ఎవ్వరికీ కనబడొద్దనే గంత దూరం పోయి కూసున్న."

లేచి వెళ్లి లిఫ్టుల దగ్గర నుంచి ఆ ఫొటో తీయించేశాను.

ఆమె ఎందుకు ఏడుస్తోందోనన్న ఆలోచనే ఆ రోజు బాల్కనీలో నాకు రాలేదు. ఫోకస్ కుదిరిందా లేదా అని మాత్రమే చూసుకున్నాను.