మంగళవారం కొలిచిన బావులు

పోయిన నెల రెండో శనివారం నాడు, పదిన్నరకు వస్తామని చెప్పి పదీ నలభైకి, తిరుపతిలో మా ఇంటికి ఆఫ్రికా నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. ఎండిపోయిన ఏళ్లను మళ్లీ పారించే పనిలో ఉన్నవాళ్లు నాలుగైదు దేశాల నుంచి వచ్చి, ఇక్కడొక కాలేజీలో కూర్చుని ఒకరి ఏటి సంగతి ఒకరు చెప్పుకుంటున్నారట. ఆ కాలేజీలో పాఠాలు చెప్పే మా తమ్ముడి మనవరాలే ఆమెను వెంటబెట్టుకొచ్చింది. కళ్లు చూపించుకోవడానికి ఊరి నుంచి వచ్చిన తమ్ముడు కూడా ఆ పూట మా ఇంట్లోనే, కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. పది నిమిషాలు ఆలస్యమైనందుకు నేను మొహం ముడుచుకునే ఉన్నాను. ఆమె అదేమీ పట్టించుకోకుండా సంచిలోంచి ఒక అచ్చు పుస్తకం తీసి నా ముందు పెట్టింది. అందులో మా ఊరి బావుల అంకెలు, నేను రాసినవి, తేదీలతో సహా ఉన్నాయి.

“అవ్వా, నీ తేదీలన్నీ ఈమె లెక్కేసి చూసిందంట. రెండు తేదీల మధ్య ఉంటే ఇరవై ఎనిమిది రోజులు, లేకుంటే ముప్పై అయిదంట. అన్నీ మంగళవారాలే. ఎందుకని అడగతా ఉండాది” అంది మనవరాలు.

నేను నోరు తెరవకముందే తమ్ముడు అందుకున్నాడు. “ఎందుకైతే ఈమెకేం? అక్కా, నువ్వు పలకద్దు. ఒకసారి ఒక దొరకు చెప్పి ఏరంతా పోగొట్టుకున్నాం, చాలు.”

ఆ పుస్తకంలోని లెక్కనే నమూనాగా పెట్టుకుని, వాళ్ల దేశంలో ఒక ఇసుక ఏటికి అడ్డంగా గోడ ఎక్కడ కట్టాలో తేల్చబోతున్నారట. వచ్చే నెలలోనే పని మొదలట. మా ఊరి అంకెలు మరీ బాగున్నట్టు ఆమెకు అనుమానం వచ్చింది. ఆ అంకెలు మా ఇల్లు దాటిన ముప్పై రెండేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమే. జవాబు నాకు తెలుసు. చెబితే వాళ్ల ఊరు బాగుపడుతుంది, తమ్ముడి ముందు నా బతుకు బయటపడుతుంది.

మాది పాకాలకూ చంద్రగిరికీ నడుమ ఏటి ఒడ్డున ఉన్న చిన్న పల్లె. నా ఈడు వాళ్లకు ఊట కాలువలు గుర్తుండే ఉంటాయి. ఏరు పైకి ఎండినట్టు కనిపించినా ఇసుక కింద నీరు నడుస్తూ ఉండేది. మాఘమాసంలో ఎకరాకు ఒక మనిషి లెక్కన ఊరంతా ఏట్లోకి దిగి, ఇసుక తోడి, ఆ నీటికి దారి చేసి పొలాలకు తిప్పుకునేవాళ్లు. ఆడవాళ్లం గంపల్లో సంగటి, ఊరుబిండి పచ్చడి మోసుకుని వెళ్లేవాళ్లం. మనిషిని పంపని ఇంటి పేరు నీరుగంటి, అంటే ఎవరి మడికి ఎప్పుడు నీళ్లో వంతులు చూసే ఆయన, ఏటిగట్టున నిలబడి గట్టిగా మూడుసార్లు పిలిచేవాడు. ఆ పిలుపు పడ్డ ఇల్లు ఏడాదంతా తలెత్తుకునేది కాదు. మా ఇంటి పేరు ఒక్కసారి కూడా పిలవలేదని నాయన చనిపోయేదాకా గర్వంగా చెప్పుకునేవాడు.

నాయనకు బావులు కొలిచే అలవాటు ఉండేది. కొబ్బరితాడుకు అడుగుకొక ముడి వేసి, కొనకు రాయి కట్టి, ఏటిగట్టు వెంబడి ఉన్న పదకొండు బావుల్లోకి దించి నీళ్ల ఎత్తు చూసేవాడు. పన్నెండో ఏట నుంచి ఆ తాడు చుట్ట మోసేది నేనే. ఊళ్లోని బడిలోనే నాకు లెక్కల టీచరుగా ఉద్యోగం వచ్చాక (పెళ్లి మాట నేనే వద్దన్నాను, అదంతా వేరే సంగతి) కొలిచిన ప్రతిదీ నోటుబుక్కులో ఎక్కించడం మొదలుపెట్టాను. నాయన పోయాక కూడా ఒక్క నెల తప్పలేదు. పదకొండు బావులు, పద్నాలుగేళ్లు, నెలకొకసారి: మొత్తం పద్దెనిమిది వందల నలభై ఎనిమిది అంకెలు. కొట్టివేత ఒక్కటి లేదు.

అప్పుడు వచ్చాడు ఆ దొర. ఏదో చలి దేశం నుంచి, ఒక నగరపు సంస్థ తరఫున. వాళ్ల దేశంలో చచ్చిపోయిన ఏళ్లను బతికించారట, ఆ విద్య మాకూ నేర్పుతారట. ఇసుక ట్రాక్టర్లు తిరగడం మొదలై, మా కాలువలో ఊట సన్నబడుతున్న రోజులవి. ఇసుక లోపల రాతి దాకా ఒక గోడ కడితే దాని పైభాగాన నీరు నిలుస్తుందని, ఉన్న సరంజామాతో ఒక్క గోడే కట్టగలమని, అది మా ఊరి కింద కట్టాలా, రెండు మైళ్ల దిగువన ఉన్న ఊరి కింద కట్టాలా అన్నది కొలతలు చూసి తేలుస్తామని చెప్పాడు. దిగువూళ్లో రాసిపెట్టే అలవాటు ఎవరికీ లేదు. అక్కడి బావులను దొర మనుషులే మూడు నెలల పాటు, వీలైన రోజున, వీలైన వేళకు వెళ్లి కొలిచారు.

నాకు ఆ మనిషి మొదటి రోజు నుంచే నచ్చలేదు. పరాయి దేశం నుంచి వచ్చి మా ఏటి గురించి మాకు పాఠం చెప్పడం ఒక ఎత్తు, మా తిన్నె మీద బూట్లతో కూర్చోవడం ఇంకో ఎత్తు. నోటుబుక్కు ఇల్లు దాటకూడదని, కావాలంటే అక్కడే కూర్చుని రాసుకోవాలని ఖచ్చితంగా చెప్పాను. రెండు రోజులు ఎండలో కూర్చుని రాసుకున్నాడు, తర్వాత పుస్తకంలో అచ్చయింది ఆ రాతే. మంచినీళ్లు ఇచ్చాను, కాఫీ ఇవ్వలేదు. మధ్యలో రెండుచోట్ల తప్పు ఎక్కించుకుంటే వేలు పెట్టి చూపించాను, అందుకు చాలా సంతోషించాను కూడా. లేచి వెళ్లబోతూ, ఈ అంకెల గురించి తాను తెలుసుకోవలసింది ఇంకేమైనా ఉందా అని దుబాసీ కుర్రాడి చేత అడిగించాడు.

“అంకెలు చదవను రాకుంటే పలక తెచ్చుకోమను, మా బళ్లో ఒకటో తరగతిలో చోటుండాది” అన్నాను. తమ్ముడూ, తిన్నె చుట్టూ మూగిన వాళ్లూ విరగబడి నవ్వారు. ఆ కుర్రాడు ఏం చెప్పాడో గాని దొర కూడా చిన్నగా నవ్వి, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

నెల తిరగకుండా తీర్పు వచ్చింది. ఎగువూరి బావుల్లో, అంటే మా బావుల్లో, నీళ్లు చాలినంత ఉన్నాయట. దిగువూరి బావులతో పోలిస్తే నాలుగడుగులకు పైనే ఎక్కువట. కాబట్టి గోడ దిగువూరికేనట. మా ఊరు భగ్గుమంది. దిగువూరి వాళ్లతో పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు ఆగిపోయాయి. తమ్ముడు దొర జీపుకు అడ్డంగా పడుకున్నాడు. కలెక్టరుకు అర్జీ రాసింది నేను. “పరదేశస్థుని అజ్ఞానం వల్ల” అని మొదలుపెట్టి మూడు పేజీలు, నా దస్తూరీతోనే. నూట పన్నెండు సంతకాలు చేయించాను. గోడ ఆగలేదు గాని ఆ దొరను మాత్రం పనిలోంచి తీసేసి పంపించారు. వెళ్లేముందు మా బడికి వచ్చాడు. నేను తలుపు దగ్గరికి కూడా వెళ్లలేదు. పిల్లల చేత పదమూడో ఎక్కం గట్టిగా చదివిస్తూ ఉన్నాను, కాసేపు నిలబడి ఆయనే వెళ్లిపోయాడు.

మూడేళ్లలో మా కాలువ పూర్తిగా ఎండింది. ఊట మీదే పెరిగిన తమ్ముడి చెరకు పోయింది, బెల్లం వండే పెనం బోర్లించేశాడు, పలమనేరు దారిలో పాలవ్యాను తోలడానికి వెళ్లాడు. దిగువూళ్లో మాత్రం వైశాఖంలో కూడా వరి పచ్చగా కనిపించేది. ఆ ఏడే ఒక మంగళవారం బావులు కొలిచి, తాడు నలిగిపోయిందని రెండు రోజుల తర్వాత, గురువారం సాయంత్రం, కొత్త తాడుకు ముడులు వేసి సరిగా ఉన్నాయో లేదో చూద్దామని పెద్దబావిలోకి దించాను. మంగళవారం రాసినదానికంటే నాలుగడుగుల ఎనిమిదంగుళాలు తక్కువ వచ్చింది. ముడులు తప్పు పడ్డాయనుకుని బడి స్కేలు తెచ్చి ఒక్కొక్కటీ కొలిచాను. తాడులో తప్పు లేదు.

బావిగట్టు మీద కూర్చుని వారాలు లెక్కపెట్టుకున్నాను. మా వైపు సోమవారం నాడు ఎద్దు మెడ మీద కాడి పెట్టేవాళ్లు కాదు. ఎద్దులు కపిల లాగితేనే బావిలోంచి నీళ్లు వచ్చే రోజుల్లో, ఎద్దుకు సెలవంటే బావికీ సెలవే. మోటార్లు వచ్చాక కూడా చాలా ఏళ్లు సోమవారం మీట నొక్కకూడదన్న కట్టుబాటు ఉండేది. రోజంతా విశ్రాంతి తీసుకుని నిండిన బావిని మంగళవారం తెల్లవారగానే, ఎవరూ తోడకముందే కొలవాలని నాయన నియమం. “పొద్దంతా తోడిన బాయిని కొలిస్తే దాని అలుపు తెలుస్తాది గానీ బలం తెలీదు మ్మా” అనేవాడు. అది ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి కనుక నేను ఎక్కడా రాయలేదు. దిగువూరి బావులను తోడుతుండగా కొలిచారు, మావి నిద్ర లేవగానే కొలిచినవి. రెంటినీ పక్కపక్కన పెడితే మేము కలిగినవాళ్లలా కనిపించాం. ఇంకేమైనా ఉందా అని ఆ మనిషి నన్ను అడిగాడు కూడా.

ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఏ పండుగకో పబ్బానికో కలిసినప్పుడు తమ్ముడు ఆ దొర వంశాన్ని తిట్టిపోస్తుంటే పక్కనే కూర్చుని తమలపాకులకు సున్నం రాస్తూ విన్నాను. ఒకటి రెండుసార్లు నేనూ ఒక మాట కలిపాను. లోపల మాత్రం దొర మీద కోపం తగ్గకపోగా పెరిగింది. అంత చదువుకున్నవాడు తేదీలు ఎందుకు లెక్క వేసుకోలేదు, ఒకసారి వెక్కిరిస్తే రెండోసారి ఎందుకు అడగలేదు అని. తప్పు చేసినవాళ్లకు ఇలాంటి కోపాలు బాగా దొరుకుతాయి.

ఇప్పుడు ఈ పిల్ల, నా మనవరాలి వయసుది, పెన్సిలు పట్టుకుని జవాబు కోసం చూస్తోంది. తమ్ముడు మళ్లీ “వద్దక్కా” అన్నాడు. నేను అతని వైపు చూడకుండా, సోమవారం సెలవు సంగతి, గురువారం కొలిచిన సంగతి, దిగువూరి కొలతల సంగతి, దొర అడిగిన ప్రశ్నకు నేనిచ్చిన జవాబు, అన్నీ వరుసగా చెప్పాను. మనవరాలు ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయింది.

“ఎన్నాళ్ల నుంచి తెలుసు నీకు?” అన్నాడు తమ్ముడు.

“ఇరవై తొమ్మిదేండ్లు.”

“లెక్క మాత్రం తప్పవు గదక్కా నువ్వు.” అతను లేచి నిలబడ్డాడు. “జీపు కింద పడుకున్న్యా నేను. వానికి బిడ్డలు పుట్టకూడదని మన్ను పోసినా. నువ్వు పక్కన కూర్చోని ఆకులు మడిచిస్తా ఉన్నావు నాకు.”

కంటి మందు సీసా బల్లమీదే వదిలేసి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మనవరాలు వెనకాలే పరిగెత్తింది. పన్నెండింటి పాకాల బస్సు ఎక్కాడట.

మేమిద్దరమే మిగిలాం, ఒకరి భాష ఒకరికి రాకుండా. ఆమె పుస్తకంలో నా పేజీ మార్జిన్లో ఏదో రాసుకుంది. మనవరాలు తిరిగి వచ్చాక ఆమె మాటలు తెలుగులో చెప్పింది: వాళ్ల ఊళ్లో బావులు కొలిచేది ఒక ముసలాయనట, ఆయన సంత రోజు సాయంత్రమే కొలుస్తాడట, సంత రోజున ఊరంతా బయటే ఉంటుంది కనుక బావిలో చేద వేసేవాళ్లు ఉండరట. గోడ లెక్క వేసేవాళ్లకు అది ఎవరూ, ఆమె కూడా, చెప్పలేదట, అందరికీ తెలిసిన సంగతే కదా. ఆమె నన్ను మెచ్చుకోలేదు, ఓదార్చలేదు. నా అనుమతి కూడా అడగకుండా వరండాలోకి వెళ్లి, ఫోను చెవికి పెట్టుకుని, తన దేశం వాళ్లతో గట్టిగా అరుస్తూ మాట్లాడింది. పని ఆపమని చెబుతున్నట్టు గొంతును బట్టే తెలిసింది. నాకు నచ్చిన మనిషి అని చెప్పలేను గాని, ఆ అరుపు బాగుందనిపించింది.

తర్వాత రెండుసార్లు ఉత్తరం రాశాను తమ్ముడికి, మందు సీసా మనవరాలి చేత పంపాను. సీసా తీసుకున్నాడట, ఉత్తరాలు విప్పలేదట. మా ఊళ్లో ఇప్పుడు ఎద్దులు లేవు, బోర్లకు సోమవారమూ శుక్రవారమూ లేవు, నీళ్లు వెయ్యి అడుగుల లోతున ఉన్నాయో లేవో మిషను చెప్పాలి. ఊరంతటికీ తెలిసినదాన్ని రాసిపెట్టనక్కరలేదని ఆ రోజుల్లో అనుకున్నాం, తెలిసిన ఊరే ఉండదని అనుకోలేదు. ఆ బావులు ఏ రోజున, ఎందుకు కొలవాలో నాయన నోట విన్నవాళ్లం ఇప్పుడు ఇద్దరమే మిగిలాం. ఆ రెండో మనిషి నాతో మాట్లాడటం లేదు.