పాస్‌పోర్ట్‌కు బొట్టు

చాయ్ చల్లగైతది, తాక్కుంట వినుండ్రి. మొన్న సింగపూర్ పోయినం కదా, ఆడ ఎయిర్‌పోర్ట్‌ల దిగంగనే మా ఇద్దర్ని ఒక గదిల గంటన్నర కూసోబెట్టిండ్రు! మా ఆయన వల్లనే అనుకుంటుండ్రు కదా? నవ్వకు సురేఖా, నీ మొఖం చూస్తెనే తెలుస్తుంది. నేను గూడ ఆయన వల్లనే ఏదో ఒకటి అయితదని ముందు నుంచి భయపడ్డ. కాని కాదు. నా వల్ల. అచ్చంగ నా ఒక్కదాని వల్ల.

మేం తిరుగుదామని పోలే. మా చెల్లె జ్యోతి ఆడ ఉంటది. కడుపుల బిడ్డ అడ్డం ఉన్నదట, ఆపరేషన్ చెయ్యాలె అన్నరు. గురువారం పొద్దుగాల అని టైమ్ గూడ ఇచ్చేసిండ్రు. దాని మొగనిది ఓడ మీద కొలువు, ఆయన సముద్రం నడిమిట్ల ఉన్నడు. మా అమ్మకు మోకాళ్లతోని నాలుగు మెట్లు ఎక్కుడే కష్టం. "అక్కా, నన్ను లోపలికి తీస్కపోయేటప్పుడు నువ్వు పక్కకుంటే చాలు. నాకు మస్తు భయమైతుంది" అని ఫోన్ల ఏడ్చింది పిల్ల. ఇగ ఆగుతనా? బుధవారం మధ్యాహ్నం ఆడ దిగేటట్టు టికెట్లు తీసిన.

నా సంగతి మీకు ఎరుకే. గని ఆఫీసుల ఇరవై ఏండ్ల సంది ఫారాలే నా లోకం. లీవ్ ఫారంల ఒక్క గడి ఖాళీ ఉన్నా, ఎంత పెద్ద సాబ్ అయినా సరే, తిప్పి పంపుత. అసొంటిదాన్ని పరదేశం రూల్స్ అంటే ఇడుస్తనా? ఫ్రిజ్ మీద ఇంత పెద్ద కాయితం అతికించిన. పాస్‌పోర్ట్ ఆరు నెలల పైన చెల్లాలె. వీసా, వాపస్ టికెట్ చేతుల ఉండాలె. దిగే ముందు మూడు రోజుల లోపల ఆన్‌లైన్‌ల అరైవల్ కార్డ్ నింపాలె. అండ్ల మళ్ల ఆరోగ్యం ప్రశ్నలు, జ్వరమున్నదా, దగ్గున్నదా అని. గా మూడు రోజులు మా ఆయన తుమ్మితే చాలు, నేను థర్మామీటర్ పట్టుకొని ఉరికిన.

గసగసాలు గూడ ఆ దేశంల బంద్ అట! బాలింతకని తుమ్మబంక వేసి డింకు లడ్డూలు చేస్తుంటి, గసగసాలు వేయకుండనే కట్టిన. పక్కింటి మరాఠీ తాయి చూసి, "అగ బాయీ, ఖస్‌ఖస్ లేకుండ డింకు లడ్డూలేంది?" అని నోరు తెరిచింది. "రూల్ తాయీ, రూల్!" అన్న. ఎంత గర్వమో నాకు.

అన్నిటి కన్న పెద్ద పంచాయితీ ఖర్రా. నమిలే తంబాకు ఆ దేశంల అడుగు పెట్టొద్దు. మా ఆయనకేమో ఖర్రా లేకుంటే దినం గడవదు. సుపారీ, తంబాకు, సున్నం ప్లాస్టిక్ పన్నీల వేసి రుద్దిచ్చుకున్నంక గాని డ్యూటీకి పోడు. బయలుదేరే రోజు ఆయన బ్యాగు నేను మూడు సార్లు తనిఖీ చేసిన. కండ్లద్దాల డబ్బల ఒక ఖర్రా పుడీ దొరికింది. షేవింగ్ సామాన్ల ఒకటి. మూడోది యాడ దొరికిందో చెప్పుండ్రి? బాలింత లడ్డూల డబ్బల, అడుగున!

"సిగ్గున్నదా? దొరికితే ఇద్దర్ని జైల్ల ఏస్తరు. ఆడ జ్యోతి ఒక్కతే ఆపరేషన్‌కు పోతది. నీ వల్ల!" అని ఒర్రిన.

"అది యాడికెళ్లి వచ్చిందో నాకు తెల్వదు పద్మా" అన్నడు, పైకి చూస్కుంట.

హైదరాబాద్‌ల ఎయిర్‌పోర్ట్ బయట ఆఖరి చిటికెడు నోట్ల వేసుకున్నడు. నేనే పక్కన నిలబడి ఉమ్మిపిచ్చిన, పుక్కిలిపిచ్చిన. లోపల మా కాయితాలు చూసిన ఆఫీసర్ ఒక్క ప్రశ్న అడగలే. ఠప్‌మని ముద్ర కొట్టిండు. "చూసినవా, కాయితాలు పక్కాగ ఉంటే గిట్లుంటది" అన్న. మా ఆయన ఖర్రా లేక మూగనోడైండు.

విమానంల కూసున్నం. బెల్ట్ పెట్టుకున్నం. తలుపు ఇంకా ముయ్యలే. మా అమ్మ ఫోన్.

"బిడ్డా, పాస్‌పోర్ట్‌లకు పూజ చేసినవా?"

నెత్తి కొట్టుకున్న! మా ఇంట్ల బొట్టు పెట్టకుండ కొత్త వస్తువు ముట్టుకునే పద్ధతే లేదు. స్కూటీకి పెట్టినం, మిక్సీకి పెట్టినం, మా ఆయన డ్యూటీ హెల్మెట్‌కు సుత పెట్టినం. ఖర్రా వెతికే తొందర్ల కొత్త పాస్‌పోర్ట్‌ల సంగతే మర్చిపోయిన!

"అయ్యో అమ్మా, లేదు."

"చెల్లె ఆపరేషన్‌కు పోతున్నవ్, బోడి పుస్తకం పట్టుకొని పోతున్నవా?" అని పెట్టేసింది.

పర్సుల మహాకాళి గుడి కుంకుమ పుడీ ఎప్పుడూ ఉంటది. అరచేతుల పోసుకున్న. బాటిల్‌ల నీళ్లు రెండు చుక్కలు వేద్దామంటే విమానం కదిలింది, బుడుక్కున ఎక్కువ పడ్డయ్. ముద్ద పల్చగైంది. పోనియ్ అని అట్టకు ఒక బొట్టు, లోపల మొదటి పేజీకి ఒక బొట్టు పెట్టిన. ఆఖరుకు ఫొటో ఉన్న పేజీ తెరిచిన. అండ్ల నా నుదుటి మీద బొట్టే లేదు. ఆ రోజు పాస్‌పోర్ట్ ఆఫీసుల ఫొటో తీసే పోరడు "తాయీ, టిక్లీ కాఢా" అని బొట్టు తీపిచ్చిండు కదా! మొగడు పక్కనుంటే నా ఫొటో గట్ల బోడిగ ఉండుడేంది? ఫొటోల నా నుదుటికి మంచిగ గుండ్రంగ పెట్టిన. నాకు పెట్టి ఆయనకు పెట్టకుంటే ఎట్ల? ఆయన ఫొటోకు గూడ ఇంత నిలువుగ దిద్దిన.

మా ఆయన నాలుగు గంటల సంది మొదటిసారి నోరు తెరిచిండు. "పద్మా, గిది నీ కాయితంల ఉన్నదా?"

"దేవుని పనికి రూల్ ఏంది, ఊకో" అన్న. రెండు పుస్తకాలు మూసి, కండ్లకద్దుకొని, గట్టిగ పర్సుల కుక్కిన. హాయిగ నిద్రపోయిన.

సింగపూర్‌ల దిగినం. మిషన్ మీద పాస్‌పోర్ట్ పెట్టుమన్నరు. తెరుద్దామంటే తెరుచుకోదు! తడి ఆరి పేజీలు అతుక్కున్నయ్. గోటితోని గుంజిన. చర్ర్‌మని వచ్చింది. చూస్తే ఏమున్నది? నా బొట్టు నుదుటి నుంచి జారి ముక్కు మీదికి, మూతి మీదికి వచ్చింది. కింద మిషన్ చదివే అక్షరాలు మొత్తం ఎర్రగ. మా ఆయనదైతే ఇంకా ఘోరం. తలకాయ పగిలినట్టున్నది మనిషికి!

మిషన్ కుయ్యోమన్నది. ఒక చిన్న వయసు ఆఫీసర్ వచ్చి పాస్‌పోర్ట్ పట్టుకున్నడు. వెంటనే కింద పెట్టిండు. జేబుల నుంచి చేతులకు గ్లౌజులు తొడుక్కున్నడు.

"మేడమ్, ఈజ్ దిస్ బ్లడ్?"

"నో నో!" అన్న. కుంకుమను ఇంగ్లీషుల ఏమంటరో ఆ టైమ్‌కు యాదికి రావాలె కదా! "దిస్ ఈజ్ గాడ్ పౌడర్!"

"పౌడర్?"

నా తెలివి చూడుండ్రి. నమ్ముతలేడని పర్సుల నుంచి పేపర్ల చుట్టిన పుడీ తీసి, విప్పి, ఆయన ముక్కు ముంగట పెట్టిన. ఇంకిద్దరు ఆఫీసర్లు ఉరికొచ్చిండ్రు.

గట్ల పోయినం ఆ గదిలకు. డాక్టరమ్మ లెక్క ఒకామె వచ్చి నా వేళ్లు చూసింది, ఎర్రగున్నయ్. జ్వరం చూసింది. తర్వాత మా ఆయనను నోరు తెరువుమన్నది. ఏండ్ల ఖర్రా ఆయె, పండ్లు, చిగుళ్లు అన్ని ఎర్రెర్రగ. ఆమె కంగారు పడి, "సిన్స్ వెన్?" అన్నది.

మా ఆయన వేళ్ల మీద లెక్కబెట్టి, "ట్వెంటీ ఇయర్స్" అన్నడు!

ఇప్పుడు నవ్వుతుండ్రు గాని అప్పుడు నా ప్రాణం పోయింది. గోడ మీద గడియారం నడుస్తనే ఉన్నది. సాయంత్రం జ్యోతిని దవాఖానల చేర్చుకుంటరు. నా ఫోన్ల ఆడి సిమ్ లేదు. ఈళ్లు నన్ను వచ్చిన విమానంలనే తిప్పి పంపితే? పిల్ల తలుపు దిక్కు చూసుకుంటనే లోపలికి పోతది కదా అనిపించింది. ఆఫీసు దర్జా లేదు, ఫారం లేదు, బోరుమని ఏడ్చిన. "మై సిస్టర్, టుమారో ఆపరేషన్, నోబడీ దేర్" అని అదే మాట మళ్ల మళ్ల చెప్పిన. మా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, వచ్చిన ఇంగ్లీషుల, "షీ ఈజ్ గుడ్ వుమన్ సార్. ఓన్లీ టూ మచ్ గుడ్" అన్నడు. ఆ మాటకు ఇంకా ఏడుపొచ్చింది.

అప్పుడు పెద్ద ఆఫీసరమ్మ వచ్చింది. తమిళామె కావచ్చు. పాస్‌పోర్ట్ తెరిచింది. ఫొటోల నన్ను చూసింది, ఎదురుంగ నన్ను చూసింది. మా ఆయన ఫొటో చూసింది. గిర్రున గోడ దిక్కు తిరిగింది. ఆమె భుజాలు ఊగుతున్నయ్, నవ్వు ఆపుకుంటుంది! కొద్దిసేపటికి ఇటు తిరిగి, మందు వాసన వచ్చే తడి కాయితం తీస్కొని మెల్లగ తుడిచింది. ఫొటో పైన ప్లాస్టిక్ పొర ఉంటది కదా, మొఖాలు మళ్ల బయటికొచ్చినయ్. ఈసారి మిషన్ పాస్‌పోర్ట్‌లను చదివింది. ఎదురు పేజీల మరకలు మాత్రం పోలే. ఇంటికి పోయినంక కొత్త పాస్‌పోర్ట్‌లు చేసుకోవాలె అన్నది. కుంకుమ పుడీ నా చేతుల పెట్టి, "మేడమ్, నెక్స్ట్ టైమ్, ఓన్లీ ఆన్ ది రియల్ ఫేస్" అన్నది.

బ్యాగులు గూడ విప్పి చూసిండ్రు. లడ్డూలకు ఏం అనలే. ఖర్రా ముక్క గూడ దొరకలే. మా ఆయన ఛాతీ ఇంత ముందుకొచ్చింది, నా దిక్కు చూసుకుంట నడుస్తుండు.

పొద్దుగాల జ్యోతి మంచం తోలుకపోయేటప్పుడు తలుపు దాంక నేను దాని చెయ్యి పట్టుకొనే ఉన్న. "వచ్చినవా అక్కా" అన్నది, గంతే. ఆడపిల్ల పుట్టింది. ఇంత జుట్టు! ఎత్తుకోంగనే పడ్డ తిప్పలన్నీ మర్చిపోయిన.

కాని కాయితాలు మర్చిపోవు కదా. పాడైన పాస్‌పోర్ట్‌లు మార్చుకుందామని మొన్న చెరొక ఫారం ముంగట పెట్టుకొని కూసున్నం. అండ్ల ఒక గడి ఉన్నది: పాడవడానికి కారణం. మా ఆయన జిందగీల ఎన్నడూ తన ఫారం తాను నింపుకోలే. ఆ రోజు మాత్రం నా చేతుల నుంచి పెన్ను గుంజుకున్నడు. అక్షరం అక్షరం దిద్ది రాసిండు: 'భార్య'. రాసి, నా ఖాళీ ఫారం నా ముంగటికి నూకిండు.

పెన్ను వాపస్ గుంజుకున్న. గడి ఖాళీ ఇడుద్దామంటే నాకే ఒప్పదాయె. అబద్ధం రాద్దామంటే రూల్ ఒప్పుకోదు. ఇగ ఏం చెయ్యాలె? నేను గూడ గదే రాసిన: 'భార్య'.